మంచు విడిచిన లోయలో అరణ్యపాఠం

వర్షారణ్యం అనే మాట వినగానే మన విద్యార్థుల మనస్సులో ఆమెజాన్ నదీతీరాలు, కాంగో అడవులు, మన దేశంలోనైతే పశ్చిమ కనుమలు స్ఫురిస్తాయి. అధికమైన వేడి, అధికమైన వర్షం రెండూ కలిసిన చోటనే అట్టి అరణ్యాలు ఏర్పడతాయని సామాన్యంగా భావిస్తాము. కాని భూమధ్యరేఖకు బహుదూరంగా, 58 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటిన చోట, హిమానీనదాలు సముద్రంలోకి దిగే తీరాన కూడ వర్షారణ్యం కలదు. దీనిని సమశీతోష్ణ వర్షారణ్యం అంటారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని అలాస్కా ఆగ్నేయ భాగంలో ఉన్న గ్లేసియర్ బే జాతీయ వనం ఇట్టి అరణ్యాన్ని చూపే ప్రసిద్ధ స్థలాలలో ఒకటి.

ఆ వనంలో మార్గదర్శి వెంట నడచే ప్రకృతి విహారాన్ని ఆధారంగా చేసుకొని, ఒక అడవి శూన్యం నుండి ఎట్లు పుడుతుంది, ఆ పుట్టుకను మనుష్యుడు ఎట్లు తెలుసుకున్నాడు అనే రెండు విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాము. మొదటిది వృక్షశాస్త్రానికి సంబంధించినది. రెండవది శాస్త్రపద్ధతికి సంబంధించినది. జీవశాస్త్రం చదవని విద్యార్థికి కూడ రెండవది అవసరమే.

స్థల పరిచయం

గ్లేసియర్ బే ఒక పొడవైన అఖాతం. దాని ఇరువైపుల మంచుకొండలు, తలాపున హిమానీనదాలు ఉన్నవి. 1750 ప్రాంతంలో అక్కడ అఖాతమే లేదు. ఆ లోయ అంతయు ఒకే మహా హిమానీనదంతో నిండి ఉండినది. 1794లో ఆంగ్ల నావికుడు జార్జ్ వాంకూవర్ దళానికి చెందిన నావలు ఆ తీరానికి వచ్చినప్పుడు వారికి కనిపించినది సముద్రానికి అడ్డముగా నిలిచిన మంచుగోడ. దాని ముందు కొద్ది మైళ్ళ లోతు గల ఒక చిన్న వంపు మాత్రమే. 1879లో ప్రకృతి పరిశీలకుడు జాన్ మ్యూర్ ట్లింగిట్ జాతివారు నడిపిన పడవలో అక్కడికి వెళ్ళేసరికి ఆ మంచు 30 మైళ్ళకు పైగా వెనుకకు జరిగి, విశాలమైన అఖాతం ఏర్పడి ఉన్నది. 1916 నాటికి ప్రధాన హిమానీనదం సుమారు 60 మైళ్ళు, అనగా దాదాపు 100 కిలోమీటర్లు, వెనుకకు తగ్గినది. చరిత్రలో నమోదైన హిమానీనద తిరోగమనాలలో ఇంతటి వేగం గలవి అరుదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ మంచు అంతయు నేటి పారిశ్రామిక యుగపు పొగల వలన కరిగినదని చెప్పరాదు. యంత్రశాలలు విస్తరించక పూర్వమే ఇది ఆరంభమైనది. అప్పటికి లఘు హిమయుగమని పిలువబడే చలికాలం ముగింపునకు వచ్చుచుండినది. పైగా సముద్రంలో అంచు మోపిన హిమానీనదం ఒకసారి తన ఆధారం నుండి జారి లోతునీటిలో పడితే, వాతావరణంతో అంతగా నిమిత్తం లేకుండానే త్వరత్వరగా విరిగి వెనుకకు పోతుంది. నేడు అలాస్కా హిమానీనదాలు చాలవరకు పలుచబడుతుండడానికి భూతాపం పెరుగుట కారణమన్నది నిజమే. కాని రెండు వేర్వేరు కాలాల కారణాలను ఒకటిగా కలిపివేయుట శాస్త్రం కాదు.

మార్గదర్శి వెంట

అఖాతపు ముఖద్వారానికి సమీపాన బార్ట్‌లెట్ కోవ్ అనే చిన్న రేవు కలదు. దానికి దగ్గరి ఊరు గస్టేవస్. బయటి ప్రపంచం నుండి గస్టేవస్‌కు రోడ్డుమార్గం లేదు. విమానంలోనో, పడవలోనో చేరవలసినదే. వేసవి నెలలలో వనశాఖకు చెందిన రేంజర్లు సందర్శకులను చిన్న బృందాలుగా అడవిలోకి తీసుకొనిపోతారు. దారి పొడవు ఒక మైలు మాత్రమే. వేగంగా నడచేవానికి అది అరగంట పని. మార్గదర్శి వెంట నడచేవారికి దాని కంటె ఎన్నో రెట్లు కాలం పడుతుంది. నడచుట అక్కడ ప్రధానం కాదు, నిలుచుట ప్రధానం.

నడకకు నియమాలు స్వల్పం. వానకోటు వెంట ఉండవలెను. ఏటా సుమారు 70 అంగుళాల వర్షం పడే చోటు అది. ఎలుగుబంట్లు సంచరించే ప్రదేశం కనుక మాట్లాడుతూ నడవవలెను. దారి విడిచి నాచుపై అడుగు పెట్టరాదు.

అడవిలో ప్రవేశించగానే వెలుగు తగ్గుతుంది. తల ఎత్తితే సిట్కా స్ప్రూస్, పశ్చిమ హెమ్‌లాక్ అనే రెండు జాతుల సూదియాకుల వృక్షాలు. తల దించితే ఆకుపచ్చని నాచు. నేల, రాళ్ళు, పడిపోయిన మొద్దులు, చెట్ల వేళ్ళు అన్నీ ఒకే తివాచీ కింద దాగి ఉంటవి. కొమ్మల నుండి లైకెన్లు బూడిదరంగు గడ్డాల వలె వ్రేలాడతాయి. నడుమ నడుమ డెవిల్స్ క్లబ్ అనే ముళ్ళపొద కనిపిస్తుంది. దానిని తాకిన చేతికి ముళ్ళు దిగుతాయి, అయినను ట్లింగిట్ ప్రజలకు అది గొప్ప ఔషధం.

ఈ దృశ్యాన్ని చూచినవానికి ఇది వేల ఏండ్ల అడవి అని తోచుట సహజం. మార్గదర్శి చేసే మొదటి పని ఆ భ్రమను తొలగించుట. దారిప్రక్కన నాచు కప్పిన ఒక పెద్ద గుండ్రాయిని చూపి, ఇది ఇక్కడి రాయి కాదని చెబుతాడు. హిమానీనదం దానిని ఎక్కడో కొండ నుండి పెకలించి, మోసుకొని వచ్చి, కరిగిపోతూ ఇక్కడ దించి వెళ్ళినది. మరికొంత దూరంలో నల్లని నీటితో ఒక చిన్న కుంట. దానిని ఎవరూ త్రవ్వలేదు. వెనుకకు తగ్గుతున్న హిమానీనదం నుండి విడిపోయిన మంచుగడ్డ ఒకటి కంకర కింద పూడిపోయి, ఆ తరువాత కరిగి, తానున్న చోట గుంతను మిగిల్చినది. కాలి కింది నేల ఎత్తుపల్లాలు కూడ మంచు త్రోసి పోసిన కంకర దిబ్బలే. వీటిని మొరైన్లు అంటారు. ఈ అడవి వయస్సు రెండు వందల ఏండ్లకు కొంచెం పైన మాత్రమే.

అడవి యౌవనంలో ఉన్నదనుటకు చెట్లే సాక్ష్యం. ఎత్తయిన వృక్షాలలో స్ప్రూస్‌లు ఎక్కువ. వాటి నీడలో ఎదుగుతున్న పిల్లచెట్లలో హెమ్‌లాక్‌లు ఎక్కువ. స్ప్రూస్ మొలకకు వెలుగు కావలెను, హెమ్‌లాక్ మొలక నీడను ఓర్చుకొంటుంది. కూలిన మొద్దు మీది నాచులో వరుసగా హెమ్‌లాక్ మొలకలు లేచి ఉండుట చూడవచ్చును. చచ్చిన చెట్టు బ్రతికే చెట్టుకు దాదిగా మారుతుంది. 1970ల చివర నుండి బెరడును తొలిచే ఒక జాతి పురుగు ఇక్కడి స్ప్రూస్‌లను అనేకం చంపినది. అందువలన ఏర్పడిన సందులలో వెలుగు దిగి క్రొత్త మొక్కలకు చోటు దొరికినది. జంతువులు కూడ క్రొత్తవారే. మూస్ అనే మహాకాయ దుప్పి జాతి ఈ అఖాత ప్రాంతానికి 1960ల దశకంలో గాని రాలేదు.

నేల సైతం నిలకడగా లేదు. వేల అడుగుల మందం గల మంచు బరువు తొలగుట వలన భూమి పొర నెమ్మదిగా పైకి లేస్తున్నది. గస్టేవస్ వద్ద ఈ ఉద్ధరణ ఏటా సుమారు ఒక అంగుళం. నిన్న అల తాకిన ఇసుకపై నేడు గడ్డి, రేపు స్ప్రూస్ మొలుస్తున్నది.

దూరమే కాలంగా

బార్ట్‌లెట్ కోవ్ నుండి పడవపై అఖాతపు తలాపు వైపునకు సాగితే ఒక వింత కనిపిస్తుంది. ముఖద్వారం వద్ద నిబిడారణ్యం. కొంత లోపలికి పోగా స్ప్రూస్‌లు, వాటి నడుమ కాటన్‌వుడ్ చెట్లు. ఇంకను లోపల, మనిషి దూరి నడువలేనంత దట్టమైన ఆల్డర్ పొదలు. ఆ పైన డ్రయాస్ అనే పసుపుపూల మొక్క పరచిన చాపలు. చివరకు హిమానీనదపు పాదాల వద్ద నగ్నశిల, కంకర, బురద మాత్రమే. అక్కడ కూడ దగ్గరగా చూస్తే రాతిపై నల్లని పొర వంటిది కనబడుతుంది. అది శైవలాలు, సూక్ష్మజీవులు, లైకెన్లు కలిసి వేసిన తొలి పునాది.

మంచు ముందుగా విడిచిన చోట అడవి ఉన్నది. నిన్నమొన్న విడిచిన చోట రాయి ఉన్నది. కనుక అఖాతం వెంట ప్రయాణించుట కాలం వెంట ప్రయాణించుటయే అని వృక్షశాస్త్రజ్ఞులు భావించిరి. శిల మీద నాచు, నాచు మీద డ్రయాస్, దాని వెనుక ఆల్డర్, పిమ్మట స్ప్రూస్, కట్టకడపట హెమ్‌లాక్. జీవం లేని చోట మొదలై, ఒక సముదాయం వెనుక ఒకటిగా మొక్కలు నేలను ఆక్రమించే ఈ క్రమాన్ని ప్రాథమిక అనుక్రమం అంటారు. మన కళాశాల పాఠ్యపుస్తకాలలో దీనిని నిచ్చెన మెట్ల వలె చిత్రించి చూపుతారు. ఆ నిచ్చెనకు గ్లేసియర్ బే చిరకాలంగా ఆదర్శోదాహరణ.

నత్రజని కథ

ఈ నిచ్చెనలో ఆల్డర్ మెట్టుకు ప్రత్యేకత ఉన్నది. మంచు విడిచిన కంకరలో ఖనిజాలు ఉంటవి గాని నత్రజని దాదాపు ఉండదు. గాలిలో నత్రజని సమృద్ధిగా ఉన్నను, మొక్క దానిని నేరుగా గ్రహించలేదు. ఆల్డర్ వేళ్ళపై బుడిపెలు ఉంటవి. వాటిలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి నివసించి, గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చే రూపంలోనికి మార్చుతుంది. ఆల్డర్ ఆకులు రాలి కుళ్ళినప్పుడు ఆ నత్రజని నేలకు చేరుతుంది. 1955లో క్రాకర్, మేజర్ అనే పరిశోధకులు ఈ మార్పును కొలిచి ప్రకటించిరి. క్రొత్త కంకరలో సుమారు 8గా ఉండే పి.హెచ్. విలువ ఆల్డర్ పొదల కింద కొన్ని దశాబ్దాలలోనే సుమారు 5కు దిగుతుంది. అనగా క్షారగుణం గల నేల ఆమ్లగుణం పొందుతుంది.

ఈ విషయం మనకు అంత దూరపుది కాదు. వరి నాటుటకు ముందు మన రైతు జనుము, జీలుగ వేసి, పూతకు రాగానే కలియదున్నుట ఇందుకే. అక్కడ పనిచేసేది రైజోబియం అనే మరొక సూక్ష్మజీవి. ఇక కోస్తా జిల్లాల ఇసుకనేలల్లో పెంచే సరుగుడు చెట్టు వేళ్ళలో ఉండేది, అలాస్కా ఆల్డర్ వేళ్ళలో ఉండే ఆ ఫ్రాంకియా జాతి జీవియే. సారం లేని ఇసుకలో సరుగుడు నిలదొక్కుకొనుటకు ఇదొక ముఖ్య కారణం. వంటచెరకుగాను, కంచెగాను మాత్రమే మనం చూచే చెట్టుకు మంచుసీమలో ఒక సహపాఠి ఉన్నదన్నమాట.

అయితే ఆల్డర్ కేవలం దాత కాదు. 1994లో చాపిన్, అతని సహచరులు ప్రకటించిన పరిశోధన ప్రకారం ఆల్డర్ నేలను సారవంతం చేసి స్ప్రూస్‌కు తోడ్పడుతుంది. అదే సమయంలో నీడతోను, వేళ్ళ పోటీతోను స్ప్రూస్ మొలకలను అణచివేస్తుంది. మేలు, కీడు రెండూ ఒకే పొద నుండి వస్తున్నవి. వాటిలో ఏది పైచేయి అవుతుందన్నది కాలాన్ని బట్టి, స్థలాన్ని బట్టి నిర్ణయమవుతుంది.

1916 నాటి చదరపు మీటర్లు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. దూరమే కాలమన్న ఊహ నిజమా? ఈనాడు అడవిగా ఉన్న చోటు రెండు వందల ఏండ్ల క్రితం, నేటి హిమానీనదపు అంచున ఉన్న చోటు వలెనే ఉండినదని ఎవరు చూచినారు? ఒకే దినాన పది మంది వేర్వేరు వయస్సుల వారిని చూచి, ఒక మనుష్యుని జీవితచరిత్ర వ్రాసినట్లే కదా ఇది. ఆ పది మందీ ఒకే విధమైన బాల్యం గడిపి ఉంటేనే ఆ చరిత్ర సరియైనది.

మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం కూపర్ 1916లో గ్లేసియర్ బేకు వెళ్ళినప్పుడు ఈ చిక్కును దాటుటకు సులభమైన ఉపాయం చేసినాడు. మంచు ఇటీవల విడిచిన నేలపై ఒక్కొక్క చదరపు మీటరు వైశాల్యం గల గడులను కొన్నింటిని గుర్తించినాడు. వాటిని క్వాడ్రాట్లు అంటారు. ప్రతి గడిలోని ప్రతి మొక్కను లెక్కించి, దాని స్థానాన్ని పటంలో గీసినాడు. 1921లో తిరిగి వచ్చి అవే గడులను మళ్ళీ గీసినాడు. ఆ తరువాత కూడ వచ్చినాడు. అతని శిష్యుడు డొనాల్డ్ లారెన్స్ ఆ పనిని కొనసాగించి, 1980ల దశకం వరకు ఆ గడులను చూస్తూ వచ్చినాడు.

పరిశోధనతో బాటు కూపర్ మరొక పని చేసినాడు. ఆ ప్రాంతాన్ని ప్రభుత్వం రక్షించవలెనని అమెరికా జీవావరణ శాస్త్రజ్ఞుల సంఘం ద్వారా ఉద్యమించినాడు. ఫలితంగా 1925లో గ్లేసియర్ బే జాతీయ స్మారకంగా ప్రకటింపబడినది. 1980లో అది జాతీయ వనం అయినది. చట్టరక్షణ లేకుండినచో ఆ గడులు నిలిచి ఉండేవని చెప్పలేము.

లారెన్స్ తరువాత ఆ గడుల జాడ చాలవరకు మరుగున పడినది. 2016లో, సరిగా నూరేండ్లకు, బ్రయన్ బ్యూమా అనే శాస్త్రజ్ఞుడు పాత నోటుపుస్తకాలు, చేతితో గీసిన పటాలు వెంట తీసుకొని వెళ్ళి వాటిని వెదకి పట్టుకొన్నాడు. ప్రపంచంలో ప్రాథమిక అనుక్రమాన్ని ఒకే చోట అతి దీర్ఘకాలం గమనించిన గడులు అవియే.

నిచ్చెన చాలలేదు

ఆ గడులు ఏమి చెప్పినవి? నూరేండ్లలో మొదటి మొక్కల జాతులన్నీ మారిపోయినవి, ఒక్క విల్లో తప్ప. మొదట వచ్చి స్థిరపడిన విల్లో పొదలు నూరేండ్ల తరువాత కూడ తమ స్థానాన్ని విడువలేదు. అవి ఆక్రమించిన గడులలో స్ప్రూస్ ప్రవేశించనే లేదు. నిచ్చెన చిత్రం ప్రకారం ఈపాటికి అక్కడ తరువాతి మెట్టు రావలసి ఉన్నది, రాలేదు. పక్కపక్కనే ఉన్న గడులు సైతం భిన్నమైన దారులు పట్టినవి. అఖాతపు ముఖద్వారానికి దగ్గరగా ఉన్న గడులలో నూరేండ్లుగా జాతుల సంఖ్య అధికంగానే ఉన్నది. లఘు హిమయుగపు మంచు కప్పని పాత అడవులు వాటికి సమీపం కనుక విత్తనాలు త్వరగా చేరినవి.

దీనికి పూర్వమే 1995లో క్రిస్టఫర్ ఫాస్టీ అనే పరిశోధకుడు మరొక మార్గంలో ఇట్టి నిర్ణయానికే వచ్చినాడు. అతడు అఖాతం పొడవునా చెట్ల కాండాల నుండి సన్నని నమూనాలు తీసి, వార్షిక వలయాలను లెక్కించి, ప్రతి చోటి పుట్టుపూర్వోత్తరాలను కూర్చినాడు. 1840కి ముందే మంచు విడిచిన చోట్ల స్ప్రూస్, హెమ్‌లాక్ తొలిదశలోనే ప్రవేశించినవి. ఆల్డర్ దీర్ఘకాలం రాజ్యమేలినది 1840 తరువాత బయటపడిన నేలలపై మాత్రమే. కాటన్‌వుడ్ పైవృక్షంగా నిలిచినది 1900 తరువాత బయటపడిన చోట్ల మాత్రమే. అనగా నేడు లోపల కనిపించే ఆల్డర్ పొద, బార్ట్‌లెట్ కోవ్ అడవికి బాల్యచిత్రం కాదు. ఈ రెండింటికీ వేర్వేరు బాల్యాలు. స్ప్రూస్ ఎంత త్వరగా వచ్చినదన్న ప్రశ్నకు ప్రధానమైన సమాధానం, ఆనాడు విత్తనమిచ్చే చెట్టు ఎంత దూరంలో ఉండినదన్నదే.

అయితే పూర్వులు చెప్పినదంతా తప్పు అని త్రోసివేయరాదు. నేల మారుతున్నది నిజం. ఆల్డర్ నత్రజనిని చేర్చుతున్నది నిజం. నీడలో హెమ్‌లాక్ ఎదుగుతున్నది నిజం. తప్పిపోయినది ఒకటే: ప్రతి లోయ అవే మెట్లను అదే వరుసలో ఎక్కవలెనన్న నిశ్చయం. ముందుగా ఎవరు వచ్చినారు, ఎక్కడి నుండి వచ్చినారు అన్న విషయం శతాబ్దాల పాటు ఫలితాన్ని శాసిస్తుంది. ఈ సవరణ ఒక్క నడకతో, ఒక్క చూపుతో సాధ్యపడలేదు. ఒకే చదరపు మీటరును మళ్ళీ మళ్ళీ చూచుట వలన సాధ్యపడినది.

మంచుకు ముందటి మనుష్యులు

మార్గదర్శి పాఠంలో మరొక అధ్యాయం కలదు. ఈ లోయను మొదట చూచినవారు నావికులు కారు, శాస్త్రజ్ఞులు కారు. మంచు రాక పూర్వం అక్కడ హూనా ట్లింగిట్ ప్రజలు నివసించిరి. వారి కథనాలలో ఒకదాని ప్రకారం, ఏకాంతంలో ఉంచబడిన కాస్టీన్ అనే కన్య హిమానీనదాన్ని పిలిచినది. అది కదలి ఊరి మీదికి వచ్చినది. జనులు పడవలెక్కి తమ స్వస్థలాన్ని విడువవలసి వచ్చినది. వారు జలసంధికి ఆవలి తీరాన, నేడు హూనా అని పిలువబడే చోట స్థిరపడిరి.

దీనిని కేవలం పురాణగాథ అని తలచినవారు ఉండిరి. కాని వారి స్థలనామాలను వరుసగా పెట్టి చూడవలెను. మంచుకు ముందటి లోయకు వారు పెట్టిన పేరు సే షూయీ. హిమానీనదపు ఒండ్రు అంచు అని దాని అర్థం. పిమ్మటి పేరు ఖాత్ల్ టూ. మంచుగడ్డల నడుమ అని అర్థం. ఇప్పటి పేరు సిత్ ఈటీ గీయీ. హిమానీనదం ఉండిన చోటి అఖాతం అని అర్థం. మూడు పేర్లు, మూడు దశలు. మంచు ఆక్రమించుటకు ముందు అక్కడ జనులు నివసింపదగిన మైదానం ఉండినదని భూగర్భ పరిశోధన కూడ తరువాత తెలిపినది. కూపర్ తన గడిని నోటుపుస్తకంలో గీసికొనగా, ఈ జాతి తన లోయను భాషలో గీసికొన్నది.

జాతీయ రక్షణ వారికి అన్ని విధాల మేలు చేయలేదన్నది కూడ చెప్పవలెను. అఖాతంలోని ద్వీపాలపై సముద్రపక్షుల గ్రుడ్లు ఏరుట వారి అనాదియైన ఆచారం. వనరక్షణ నియమాల పేరిట అది నిషేధింపబడినది. తరువాత పరిశోధకులు విచారించగా తెలిసినదేమనగా, గూటిలో ఒకటి లేక రెండు గ్రుడ్లు ఉన్నప్పుడే తీసుకొనుట, మూడు ఉన్నచో తాకకుండుట వారి పద్ధతి. ఆ పక్షి మూడు గ్రుడ్లు నిండగానే పెట్టుట మానును. కొరత పడినచో మళ్ళీ పెట్టును. అందువలన జాతికి నష్టం లేదు. అడవి బడిలో తరతరాలుగా లెక్కించి నేర్చిన పాఠం అది. 2014లో అమెరికా శాసనసభ చట్టం చేసి ఆ ఆచారానికి తిరిగి అనుమతి ఇచ్చినది. 2016 ఆగస్టులో బార్ట్‌లెట్ కోవ్ తీరాన హూనా పూర్వీకుల గృహం ప్రతిష్ఠింపబడినది. కూపర్ గడులు తిరిగి దొరికినదీ, లోయ తొలి నివాసులకు ఆ లోయలో తిరిగి ఒక ఇల్లు ఏర్పడినదీ ఒకే సంవత్సరం కావడం గమనింపదగినది.

మనం చేయదగినది

విద్యార్థులారా! ఈ పాఠం వినుటకు అలాస్కా పోవలసిన పని లేదు. దక్కను పీఠభూమిలో ఎండ కాచిన నల్లరాతి గుండు మీద తొలకరి పడగానే ఆకుపచ్చ తిరిగే లైకెన్ కూడ, గ్లేసియర్ బేలోని నల్లపొర చేసే పనినే చేస్తున్నది. పాతగోడ పగులులో మొలిచిన రావి మొక్క కూడ విత్తనం ఎక్కడి నుండి వచ్చినదన్న ప్రశ్ననే మనను అడుగుతున్నది. లోపించినది లోయ కాదు, నోటుపుస్తకం.

కావున ఒక సూచన. కళాశాల ఆవరణలో ఎవరూ నడువని ఒక మూల, రాయి గాని బీడునేల గాని ఉన్న చోట, ఒక చదరపు మీటరును ఎన్నుకొని నాలుగు మూలల ఇనుప మేకులు పాతవలెను. సమీపంలోని స్థిరమైన గోడ మూల నుండి దాని దూరాన్ని, దిక్కును కొలిచి వ్రాయవలెను. మేకులు తుప్పుపట్టి పోయినను చోటు దొరకవలెను గదా. ఏటా జూలైలో ఒకసారి, జనవరిలో ఒకసారి, అవే తేదీలలో అందులోని మొక్కలను లెక్కించి, వాటి స్థానాలు గీసి, ఒకే దిక్కు నుండి ఒక ఛాయాచిత్రం తీయవలెను. మొక్క శాస్త్రీయనామం తెలిసిన వ్రాయవలెను. తెలియకున్నచో ఆకును ఒత్తి భద్రపరచవలెను. ఇండ్లలో పెద్దలను అడిగి ప్రతి మొక్కకు తెలుగు పేరును, ఉర్దూ పేరును ప్రక్కప్రక్కన చేర్చవలెను. హూనా ప్రజల స్థలనామాల వలె, మన అవ్వలు, నానీలు పలికే మొక్కల పేర్లలో కూడ ఏ పుస్తకానికీ ఎక్కని సమాచారం ఉండవచ్చును. ఆ పుస్తకాన్ని ఒక విద్యార్థి సొత్తుగా గాక గ్రంథాలయపు సొత్తుగా ఉంచి, ఏటేటి లెక్కను ఈ వార్షిక సంచికలోనే ఒక పుటలో ప్రకటింపవచ్చును.

కళాశాల కార్యవర్గం వారికి ఇందులో వ్యయం నాలుగు మేకులు, ఒక నోటుపుస్తకం. అసలైన కష్టం వేరొకటి. రేపు ఆవరణలో క్రొత్త గది కట్టునప్పుడు, సిమెంటు పోయునప్పుడు, తోటమాలి శుభ్రం చేయునప్పుడు ఆ ఒక్క చదరపు మీటరును తాకకుండ కాపాడవలెను. కూపర్ గడులు నూరేండ్లు నిలిచినది కూపర్ ఒక్కని వలన కాదు. అతని తరువాత లెక్కించిన శిష్యుల వలన, ఆ నేలను కాపాడిన శాసనం వలన. ఈ ఏడు లెక్క ప్రారంభించిన విద్యార్థి రెండు మూడేండ్లలో పట్టా పుచ్చుకొని వెళ్ళిపోతాడు. తరువాతి తరగతి వారికి ఆ పుస్తకాన్ని అప్పగించే బాధ్యతను జీవశాస్త్ర సంఘం ఇప్పుడే స్వీకరించవలెను.